కదిలిన చెయ్యి

ఫొటో తడి ఇంకా ఆరలేదు. అందులో చిత్రకారుడు హినెక్ ముఖం రాతిలో తొలిచినట్టుంది, ముడత ముడతా లెక్కపెట్టొచ్చు. కుంచె పట్టుకున్న కుడిచెయ్యి మాత్రం పొగలా చెదిరిపోయింది.

"కదలొద్దన్నాను కదరా," అన్నాడు ఫొటో తీసిన బెద్రిఖ్, కాగితాన్ని కిటికీ వైపు తిప్పుతూ. మళ్లీ తనే, "పోన్లే, కదిలి మంచిపని చేశావు. ప్రాగ్‌లో ఇలాంటిది ఇంతవరకూ ఎవడూ తియ్యలేదు."

నిజానికి హినెక్ కదల్లేదు. కెమెరా కన్ను తెరిచి ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టే కూర్చున్నాడు. చేతికి ఆ వణుకు చలికాలం నుంచీ ఉంది. నలుగురిలో ఉన్నప్పుడు చేతిని కోటు జేబులోంచి తియ్యడు. కొత్త పురపాలక భవనం గోడకి బొమ్మలు వేసే పని అతనికే ఇస్తామన్నారు గానీ ఇంకా ఖాయం చెయ్యలేదు. చెయ్యి వణికేవాడికి అంత గోడ ఎవరిస్తారు?

"ఆ నెగెటివ్ గాజుపలక పగలగొట్టెయ్."

"పిచ్చా నీకు? నేను తీసినవాటిలో ఫొటో అనదగ్గది ఇదొక్కటే."

"అయితే పెన్సిలుతో దిద్దు. పెళ్లికూతుళ్ల మొటిమలు దిద్దుతావుగా."

"అది కూటి కోసం. దీని మీద గీత పెట్టను." అప్పుడు బెద్రిఖ్ చూపు హినెక్ కోటు జేబు మీద పడి అక్కడే నిలిచింది. "ఎప్పట్నుంచిరా?"

హినెక్ చేతిని జేబులో ఇంకా లోపలికి దోపుకున్నాడు. బెద్రిఖ్‌కి తెలిసిపోయింది కాబట్టి ఇక పలక పగలగొడతాడనుకున్నాడు. పదిహేనేళ్ల స్నేహం మరి.

బెద్రిఖ్ ఫొటోల ప్రదర్శనలో గుమ్మం ఎదుటి గోడకి ఆ ఫొటోనే తగిలించారు. గోడ పని ఎవరికివ్వాలో తేల్చే సౌకుప్ దాని ముందు ఆగాడు.

"చెయ్యేమైందయ్యా?"

"నేనే ఆడించమన్నానండీ," అన్నాడు బెద్రిఖ్, తడుముకోకుండా. "నిలకడగా ఉంటే అది శవం చెయ్యే కదా."

అందరూ నవ్వారు. హినెక్‌కి ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడినందుకు తనమీద తనకే రోత పుట్టింది. రోగం కూడా తనకి మిగల్లేదు. ఇప్పుడది బెద్రిఖ్ ప్రతిభ.

"ఏదీ, ఎలా ఆడించారో చూపించండి," అంది సౌకుప్ భార్య.

హినెక్ జేబులోంచి చెయ్యి తీసి పైకెత్తాడు. తను చెయ్యాల్సిందేమీ లేకపోయింది. ఆవిడ చప్పట్లు కొట్టింది.

"చాలు, ఇక దించండి," అన్నాడు సౌకుప్ నవ్వుతూ.

దించినా అది ఆగలేదు. దాచుకోబోతే జేబు అంచు ఒక పట్టాన దొరకలేదు. సౌకుప్ దాన్నే చూస్తూ నవ్వడం మానేశాడు. బెద్రిఖ్ అవతల ఎవరికో వెలుతురు గురించి వివరిస్తున్నాడు.