గంటలు మింగే మైదానం

రోజూ పొద్దున తొమ్మిదింబావుకి ఇంజనీరు మునిసిపల్ ఆఫీసు మెట్లు దిగేవాడు. చంకలో నక్షాల చుట్ట, జేబులో ఇనప టేపు. ఎదురుగా ఉన్న బండల మైదానంలో అడుగుపెట్టి, ఎవరో తరుముతున్నట్టు చకచకా నడిచేవాడు. అవతల ఆస్పత్రి గేటు దగ్గర తేలడానికి రెండు నిమిషాలు పట్టేది ఆయనకి. గేటు మీద గడియారం మాత్రం పదింబావు చూపించేది.

ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే ఇది. మైదానం దాటితే గంట పోతుంది. నల్లేరు తింటే దురద పుడుతుంది, మైదానం తొక్కితే గంట పోతుంది, అంతే. అందుకే బడికెళ్ళే పంతుళ్ళూ, కోర్టుకెళ్ళే వకీళ్ళూ, కూరగాయల సంచీల ఆడవాళ్ళూ అందరూ గోడలకి ఆనుకుని అంచుల వెంబడే చుట్టూ తిరిగి పోతారు. నాలుగు పెద్ద వీధులు కలిసే నడిబొడ్డున, నాలుగెకరాల పైచిలుకు నేల నున్నటి బండలు పరుచుకుని బోసిగా పడుంటుంది.

ఆ బోసితనం పోగొట్టాలని మునిసిపాలిటీ చెయ్యని ప్రయత్నం లేదు. ఒకసారి ఫౌంటెన్ పెట్టారు. నీటిచుక్కలు గాజుపూసల్లా గాల్లో వేలాడుతూ, కిందపడదామా వద్దా అని ఆలోచిస్తూ ఉండేవి. చూసినవాళ్ళు మొహం తిప్పుకుని పోయేవారు. తరవాత స్తంభం కట్టి గడియారం బిగించారు. ఏడాది తిరిగేసరికి అది పన్నెండు రోజులు నడిచింది. అమ్మినవాడి మీద కేసు కూడా పెట్టారు, పాపం. ఆపైన బ్యాండు మేళం. రెండు గంటలు కచేరీ చేసి బయటికొచ్చేసరికి మూడో రోజు తెల్లవారుతోంది. విన్నవాళ్ళు లేరు, ఎదురుచూస్తున్న పెళ్ళాలు మాత్రం ఉన్నారు.

ఇప్పుడు వంతు మన ఇంజనీరుది.

"నెలాఖరుకల్లా కొత్త ప్లాను నా బల్ల మీద ఉండాలి. జనం రావాలయ్యా, జనం!" అన్నాడు పెద్ద ఇంజనీరు.

"గంట పోతుంది కదండీ, ఎవరొస్తారు?"

"ఫారం తీసి చూడు. పొడవు, వెడల్పు, వాలు, మురుగు. గంటకి గడి ఉందా? లేదు. గడిలో లేనిదాన్ని మనం పట్టించుకోం."

నిజానికి ఇంజనీరు బుర్ర ఆ నెలలో ప్లాను మీద లేనే లేదు. మైదానానికి అవతల, ఆస్పత్రి మూడో అంతస్తులో ఆయన భార్య పడుకుని ఉంది. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు. దాన్ని బాగుచెయ్యగల డాక్టరు ఒకే ఒక్కడు, ఆయన దేశాలు పట్టుకు తిరుగుతూ సోమవారం పొద్దుటికి గానీ రాడు. ఈవేళ గురువారం. ఇక్కడున్న డాక్టర్లు ఇంజనీరుని వరండాలోకి పిలిచి, గోడకేసి చూస్తూ చెప్పారు. శనివారం దాటడం కష్టం.

ఆ గురువారం కూడా ఆయన మైదానం మీదుగానే వచ్చాడు. చుట్టూ తిరిగొస్తే అయిదు నిమిషాలే. కానీ మనిషికి దుఃఖం ఉన్నప్పుడు కాళ్ళు అలవాటైన దారి వదలవు. ఆఫీసు మెట్ల దగ్గర కొన్న టీ గ్లాసుని అరచేతుల్లో పొదువుకుని గదిలోకొచ్చాడు.

"వచ్చారా మహానుభావా! మీరు మెట్లు దిగడం ఈ కిటికీలోంచే చూశాను. తరవాత మీ ఎడంకాలు గాల్లో ఉండడం చూశాను. ఉండబట్టలేక ఒక కునుకు తీశాను" అంది భార్య.

"లేచేసరికి?"

"కుడికాలు గాల్లో ఉంది."

మంచం పక్కన బల్ల మీద కూర్చున్న ఆమె తమ్ముడు పకపకా నవ్వాడు. మైదానం అంచున, ఆస్పత్రి గేటు పక్కనే మంగలిషాపు అతనిది. "నేను రోజూ చూస్తూనే ఉంటా అక్కా. బావ మధ్యలో ఆగి జేబురుమాలుతో మొహం తుడుచుకునేలోపు నేను ఇద్దరికి గడ్డాలు గీస్తాను. ఏం బావా, ఆ మొహం అంత తుడిస్తే ఏమన్నా మారిందా?"

"నోరుముయ్యరా," అని ఇంజనీరు గ్లాసు అందించాడు. "రెండు గుక్కలే తాగు. డాక్టరు వద్దన్నాడు."

ఆమె ఒక గుక్క తాగగానే నాలిక చుర్రుమని కాలింది. ఇంకో గుక్క తాగబోయి ఆగిపోయింది. గ్లాసుని చెంపకి ఆనించుకుంది.

"ఏమండీ, ఈ టీ ఎప్పుడు కొన్నారు?"

"తొమ్మిదింబావుకి."

"ఇప్పుడు పదీ ఇరవై. మరి చల్లారలేదేం?"

ఇంజనీరు గ్లాసు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. బావమరిది బల్ల మీంచి లేచాడు. ఊళ్ళో అందరూ ఇన్నేళ్ళూ పోయిన గంట గురించే ఏడిచారు. ఆ గంటసేపూ లోపలున్నవాళ్ళకి రెండు నిమిషాలే అరుగుదలని ఎవరికీ తట్టలేదు. తట్టడానికి ఎవరికి అవసరం గనక?

"నన్నీ గ్లాసులా అక్కడ పెట్టండి," అందామె నెమ్మదిగా. "సోమవారం దాకా."

ఇంజనీరు గోడ మీదే పెన్సిలుతో లెక్క వేశాడు. మైదానం నడిమధ్యన మూడు గంటలు, మరో పది నిమిషాలు. బయట నాలుగు రోజులు.

డ్యూటీ డాక్టరు సంతకం అడిగాడు, అంతకుమించి ఏమీ అడగలేదు. నర్సమ్మ మూడున్నర గంటలకి సరిపడా సెలైను చక్రాల కుర్చీకి కట్టి ఇచ్చింది. "దుప్పటి పట్టుకెళ్ళండి. నాలుగు రాత్రులు తగులుతాయి, పొట్టివే అనుకోండి, అయినా చలి చలే," అంది.

డాక్టరు ఊళ్ళో దిగగానే మూడో అంతస్తు కిటికీకి ఎర్రదుప్పటి కట్టే పని బావమరిదిది. గేటు దాకా వచ్చి అక్క కాళ్ళ మీద దుప్పటి సర్దాడు. జోకులన్నీ ఎటు పోయాయో.

"నేను ఇక్కడే ఉంటానక్కా. షాపు మూసేస్తాను. నువ్వు ఎప్పుడు తలెత్తి చూసినా కనబడతాను."

"షాపు మూసెయ్యకురా. ఊరంతా గడ్డాలతో తిరిగితే వాళ్ళ ఉసురు నాకు తగుల్తుంది," అంది అక్క.

పదకొండు గంటలకి ఇంజనీరు కుర్చీ తోసుకుంటూ బండల మీదికి ఎక్కాడు.

నడిమధ్యకి చేరడానికి నిమిషం పట్టింది. పక్కన గడియారం స్తంభం తప్ప ఇంకేమీ లేదు. దాని అరుగు మీద ఆయన కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఎప్పుడూ అక్కడ ఆగి చుట్టూ చూడలేదు, పరిగెత్తడమే. ఇప్పుడు చూశాడు.

నీడలు పాకుతున్నాయి. ఆయన బూటు కొన దగ్గరున్న నీడ, చూస్తుండగానే, మడమ దాకా జరిగింది. మైదానం నాలుగు అంచులా రంగులు కారుతున్నట్టుంది, కుంచెతో గీసి వేలితో అలికినట్టు. అవి మనుషులు. ఒక్కరికీ మొహం లేదు. చెవి దగ్గర దోమ రొదలా సన్నటి మోత. అది ఊరు. ఊళ్ళో జనం అరుపులూ, బండ్ల హారన్లూ, కుక్కల ఏడుపులూ అన్నీ కలిస్తే అంతే.

"వాడేడీ?" భార్య గేటుకేసి కళ్ళు చికిలించింది. "కనబడతానన్నాడు."

"అక్కడే ఉండుంటాడు."

"ఏదో మరక కనిపిస్తోంది. అదేనేమో వాడు."

పావుగంటకల్లా సాయంత్రమైంది. సూర్యుడు బడి వదిలిన పిల్లాడిలా కోర్టు కప్పు వెనక్కి దూకేశాడు. చీకటి పడింది. వీధి దీపాలు గప్పున వెలిగాయి. చుక్కలు ఇసకలా జారాయి. ఇరవై నాలుగు నిమిషాల తరవాత ఆకాశం మళ్ళీ తెల్లబడింది. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. రెండో రాత్రి వచ్చింది, వెళ్ళింది. శనివారం వచ్చింది. ఆ పగలున్న ఇరవై నాలుగు నిమిషాలూ ఇంజనీరు ఆమె మొహం మీంచి చూపు తిప్పలేదు. ఆమె మాత్రం ఆవలించింది.

"అలా చూడకండి. పెళ్ళిచూపుల్లో కూడా ఇంతసేపు చూడలేదు మీరు."

శనివారం దాటింది. మూడో రాత్రి వాన పడింది. బయట దబదబా కురుస్తుంటే వీళ్ళ మీద ఒక్కొక్క చుక్కే, దయతలిచినట్టు రాలింది. నాలుగో రాత్రి వెళ్ళాక, పొద్దు ఇంకా గోడల మీదికి ఎక్కుతుండగా, మూడో అంతస్తు కిటికీలో ఎర్రటి మచ్చ వెలిసింది. వెలిసి, కదలకుండా నిలిచింది.

ఇంజనీరు చూశాడు. చూసి, కుర్చీ కొంచెం పక్కకి తిప్పి, ఆమె వీపు ఆస్పత్రి వైపు వచ్చేలా చేశాడు.

"ఎండ కళ్ళల్లో పడుతోంది నీకు," అన్నాడు.

ఆ తరవాత ఎన్నడూ లేనంతగా కబుర్లు మొదలుపెట్టాడు. మొదట అద్దెకున్న గది గురించి చెప్పాడు. ఆ ఇంటావిడ వీళ్ళ దీపం ఎప్పుడు ఆర్పుతారా అని కాపలా కాసేది. తను భార్యకి మొదటిసారి వండిపెట్టిన పప్పు సంగతి చెప్పాడు. అది పప్పో సున్నమో తేలక గోడకి పూసి చూద్దామందట ఈవిడ. ఆమె నవ్వింది. ఇంకోటి చెప్పాడు. గొంతు ఆగితే ఏమవుతుందో అన్నట్టు చెబుతూనే పోయాడు.

"ఏమండీ," అందామె మధ్యలో, నవ్వు ఇంకా పెదాల మీద ఉండగానే. "ఎర్రదుప్పటి కట్టి ఎంతసేపైంది?"

ఆయన మళ్ళీ పప్పు సంగతి ఎత్తాడు.

"మీరు అబద్ధమాడేటప్పుడు పప్పు దగ్గరికి వెళతారు. ఎంతసేపైంది?"

"పది నిమిషాలు."

"అయిదు గంటలు!" అందామె. కోప్పడలేదు. దానికే ఆయనకి ఎక్కువ భయమేసింది.

"ఇక్కడ కూర్చున్నంతసేపూ నీకేం కాదు," అన్నాడు ఆయన. గొంతు పసిపిల్లాడిదైపోయింది. "అక్కడికెళ్ళాక ఏమవుతుందో ఎవడికి తెలుసు? రెండు నెలలు ఇలాగే ఉండొచ్చు మనం. లెక్క వేశాను."

"అది బయటివాళ్ళ లెక్క. రెండు నెలలు నన్నో బొమ్మలా చూసుకుంటారు. నాకు మాత్రం మిగిలింది రెండు రోజులే, ఇక్కడున్నా అక్కడున్నా. ఆ రెండు రోజులూ మీ సున్నం పప్పు కథ వింటూ పోలేను గానీ, లేవండి. లేస్తారా, నన్నే లేచి నడవమంటారా?"

ఆయన లేచాడు.

వాళ్ళు గేటు దగ్గర బండలు దిగేసరికి సోమవారం మధ్యాహ్నం మూడు దాటింది. దేశాలు తిరిగొచ్చిన డాక్టరు వరండాలో చెక్కబల్ల మీంచి అప్పుడే లేచి కూర్చుంటున్నాడు. చెంప మీద బల్ల చారలు అచ్చుపడి ఉన్నాయి. ఇంజనీరు చేతులు జోడించి, ఆలస్యం తన తప్పేనని చెప్పబోయాడు.

"ముప్పై గంటల ప్రయాణం అండీ," అన్నాడు డాక్టరు, వేళ్ళు ఒక్కొక్కటే విరుచుకుంటూ. "పొద్దున గ్లౌజులు తొడుక్కుంటే ఈ చెయ్యి వణికింది. పేషెంటు మైదానంలో ఉందన్నారు. సరే, వచ్చేదాకా అని ఇలా ఒరిగాను." కుడిచెయ్యి చాపి వెలుతురులో పట్టి చూసుకున్నాడు. నిటారుగా, గోడకి కొట్టిన మేకులా ఉంది. "పదండమ్మా."

ఆమె మూడో వారానికి లేచి తిరిగింది.

ఆ నెలాఖరుకి ఇంజనీరు ఇచ్చిన ప్లానులో పూలమొక్కలు లేవు, దీపాల తోరణాలు లేవు. నడిమధ్యన చేతుల కుర్చీలు రెండు వందలు, ఆస్పత్రి వైపు వెడల్పాటి దారి, చక్రాలకి వీలుగా వాలు. పెద్ద ఇంజనీరు ముక్కు విరిచాడు, సంతకం పెట్టాడు. ఆరు నెలలు తిరిగేసరికి జనం వచ్చారు. డాక్టర్ల కోసం ఆగినవాళ్ళు వచ్చారు, ఓడ మీదెళ్ళిన కొడుకు కోసం ఒకావిడ, జైలు నుంచి విడుదలయ్యే మొగుడి కోసం ఒకావిడ. అంచుల్లో కిటికీలన్నిటికీ రంగురంగుల గుడ్డలు కట్టడం మొదలైంది, ఎవరి గుర్తు వాళ్ళది. మైదానం నిండిపోయింది. పెద్ద ఇంజనీరు ఆఫీసు మెట్ల మీద నిలబడి మురిసిపోయేవాడు. నూట ఎనభై మంది. ఒక్కరూ కదలరు.

గుడ్డ కట్టాక కూడా లేవనివాళ్ళు కొందరున్నారు. నాలుగో వరసలో ఒక ముసలాయన. ఆయన కూతురు కోర్టు మేడ మీద కట్టిన పచ్చగుడ్డ పదిహేను రోజుల ఎండకి వెలిసి తెల్లబడింది. కబురు మంచిదే. అది ఆయనకెలా తెలుస్తుంది? చెడు కబురేమో, వింటే నిజమైపోతుందని కూర్చున్నాడు. కూతురు రెండుసార్లు లోపలికెళ్ళి పిలిచింది, చెప్పబోతే చెవులు మూసుకుని రానన్నాడట.

ఇంజనీరు భార్య ఒక సాయంత్రం తమ్ముడి షాపు ముందు ఆగింది.

"నాలుగు రోజులూ ఇక్కడే ఉన్నావట్రా?"

"తిండికి కూడా కదల్లేదు అక్కా. చెయ్యి ఊపీ ఊపీ భుజం పడిపోయింది."

"అదేరా నువ్వు చేసింది. చెయ్యి ఊపావు, తిరిగావు, గడ్డాలు గీశావు. కదిలినవాడు అక్కణ్ణించి చూస్తే మరకే. నాకు ఒక్క మనిషి మొహం కనబడలేదురా అక్కడ. ఒక్కటి కనబడుంటే మీ బావ అప్పుడే లేచేవారు..." అని ఆపేసింది.

ఆమె సంచీ తమ్ముడి చేతికిచ్చి మైదానం అంచుకి వెళ్ళింది. నాలుగో వరసకి ఎదురుగా, ముసలాయన చూపు పడేచోట నిలబడింది. చేతులు జారవిడిచింది. కదలలేదు. జనం పక్కనుంచి తప్పుకుని పోయారు. ఈగ వాలింది, తోలలేదు. తమ్ముడు ఒక గడ్డం గీశాడు, రెండోది గీశాడు. ఆమె అలాగే ఉంది.

ముసలాయన తల ఆమె వైపు తిరగడం మొదలుపెట్టింది. నీడ జరిగినంత మెల్లగా తిరిగింది. కనురెప్పలు దిగాయి, చాలాసేపటికి లేచాయి. ఇన్నాళ్ళుగా ఆ కళ్ళకి అంచుల్లో మరకలు తప్ప మరేం అందలేదు. ఇప్పుడొక మొహం అందింది, ముక్కూ నోరూ ఉన్న మొహం, తనకోసం ఆగిన మొహం. ఆయన పెదాలు విడివడ్డాయి.

ఆమె మోకాళ్ళు లాగుతున్నాయి. గుండె కుట్టిన చోట సలుపుతోంది. అయినా కదలలేదు. దీపాలు వెలిగే వేళకి, ఆ ముసలాయన రెండు చేతులూ లేవడానికన్నట్టు కుర్చీ చేతుల మీద ఆనాయి, వేళ్ళు బిగుసుకున్నాయి.