మా రేవు గ్రూపు

నేను ఒక సెల్‌ఫోన్‌ని. ఏ కర్మాగారంలో పుట్టానో నాకే గుర్తులేదు, వీపు మీది అక్షరాలు అరిగిపోయి చాన్నాళ్లయింది. మొదట విశాఖలో ఓ కాలేజీ అమ్మాయి నన్ను కొనుక్కుంది. రోజూ వంద సెల్ఫీలు తీసుకుని తొంభైతొమ్మిది చెరిపేసేది. కొత్త ఫోన్ రాగానే నన్ను సెకండ్‌హ్యాండ్ కొట్లో పడేసింది. అక్కణ్ణుంచి చేపలమ్మే నూకరత్నం చేతికొచ్చాను. అప్పట్నుంచీ నా ఒంటికి నీచువాసన వదల్లేదు. వదలాలని నాకూ లేదు.

నూకరత్నం వాళ్ల రేవు పక్కన ఓ మందుల కంపెనీ సముద్రంలోకి వ్యర్థాల గొట్టం వేస్తానంది. వేస్తే చేప ఉండదు, చేప లేకపోతే వాళ్లకు తిండి లేదు. ముందు ఊరివాళ్ల అభిప్రాయం వింటాం, సభ పెడతాం అన్నారు అధికారులు. నూకరత్నం నాలో 'మా రేవు' అని గ్రూపు పెట్టింది. చచ్చి ఒడ్డుకొచ్చిన చేపల వీడియోలు తీసి అందులో వేసేది. ఆరు ఊళ్ల నుంచి ఆరువందల మంది చేరారు. టీవీవాళ్లు కూడా వచ్చారు. నాకెంత గర్వమనుకున్నారు!

ఇంతలో ఎన్నికలొచ్చాయి. ఓ అభ్యర్థి తరఫున ఆన్‌లైన్ ప్రచారం చూసే వంశీధర్ కారు దిగాడు. "మీ పోరాటం మా పోరాటమే అక్కా" అన్నాడు. పెద్దమనిషి వస్తే లేచి కుర్చీ ఇవ్వడం ఆ ఊరి మర్యాద. గ్రూపు పెత్తనమూ అలాంటి కుర్చీయే అనుకుంది పిచ్చిది.

"అడ్మిన్ను మీరే అవ్వండి బాబూ. పెద్దోరొచ్చాక నాను పెత్తనం సేస్తే ఏటి బాగుంటాది?" అని నన్ను అతని చేతిలో పెట్టింది.

వద్దే తల్లీ అని అరుద్దామంటే నాకు మోగడమే తప్ప అరవడం రాదు. అతను అడ్మిన్ అయ్యాడు, ఆవిణ్ణి గ్రూపులోంచి తీసేసి మామూలు సభ్యురాలిగా మళ్లీ చేర్చాడు, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా చేశాడు. అతను నొక్కాడు గానీ చేసింది నేనే. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అభ్యర్థి గెలిచాడు. ఓరోజు పొద్దున్నే మండలాఫీసు నుంచి తెలిసినావిడ ఫోన్ చేసింది. సభ ముందు చెప్పినట్టు వచ్చేవారం కాదట, ఇవాళే పదకొండింటికట! నూకరత్నం గబగబా గ్రూపు తెరిచింది.

"ఓలమ్మో! నా గ్రూపులో నన్నే రాయనివ్వదేటిది?" అని నన్ను తట్టింది, తిట్టింది, బతిమాలింది. నేనేం చెయ్యను? వంశీధర్‌కి నాలుగుసార్లు చేసింది. ఎత్తలేదు. దొరికినవాళ్లకల్లా ఫోన్ చేస్తూనే బస్సెక్కింది. ఆరువందల్లో సభకు చేరింది తొమ్మిదిమంది.

"గొట్టం వద్దనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు అధికారి. అందరికన్నా ముందు నూకరత్నం ఎత్తింది. ఎవరో ఫొటో తీశారు.

సాయంత్రం ఆ ఫొటో గ్రూపులో పడింది. కింద 'అభివృద్ధికి చెయ్యెత్తి మద్దతు తెలిపిన మత్స్యకార మహిళలు' అని రాశాడు వంశీధర్. నూకరత్నం మరిది పోలయ్య అప్పుడే వేటనుంచి దిగి, నన్ను లాక్కుని చూశాడు.

"ఏటొదినా ఇది? అందరికన్నా ముందు నువ్వే ఎత్తీసినావేటి?"

"ఒద్దని ఎత్తానురా! ఒద్దని!"

పోలయ్య ఆవిడ ముఖం చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. నా తెర మీద ఆవిడ చెయ్యి, గాజులతో సహా, చాలా స్పష్టంగా కనిపిస్తోంది.