ఆరు వందల నలభై డిగ్రీలు

హారతి ఐదేళ్లుగా కార్బన్ నానోట్యూబుల మీద పరిశోధన చేస్తోంది. వెంట్రుకలో వెయ్యోవంతు సన్నగా ఉండే బొగ్గు గొట్టాలవి. బళ్లారి దగ్గర కూరెకుప్ప వైపు గనుల్లో పారేసే ఇనుప మట్టిని ఫర్నేసులో పెట్టి, దాని మీదికి ఆముదం ఆవిరి పంపి వాటిని పెంచేది. మామూలు గొట్టాలు గాలిలో ఐదు వందల డిగ్రీల దగ్గరే కాలిపోతాయి. ఆమెవి ఆరు వందల నలభై దాకా నిలిచాయి. ఆ ఒక్క అంకె మీదే జర్నల్లో పేపరు అచ్చయింది, థీసిస్ తయారైంది. సొంతూరు మోకలో వాళ్లమ్మ నాగలక్ష్మమ్మ బస్సు కండక్టర్లకు కూడా కూతురు డాక్టరవుతోందని చెప్పుకుంది.

థీసిస్ ఇవ్వడానికి పది రోజుల ముందు, బళ్లారి ల్యాబులో గొట్టాలను వేడిచేసి బరువు చూసే మెషీన్ ఆగిపోయింది. రిపేరుకొచ్చిన నాగరాజ్ వెనక మూత విప్పి పిలిచాడు.

"మేడం, గాలి పోయే వాల్వు తుప్పుపట్టి మూసుకపోయిండాది. లోపలికి గాలే సరిగ్గా పోతా లేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండు మూడేండ్లయింటాది."

గాలి అందకపోతే ఏ బొగ్గయినా ఆలస్యంగానే కాలుతుంది. వాల్వు మార్చాక హారతి అవే గొట్టాలను మళ్లీ పెట్టింది. నాలుగు వందల ముప్పైకే తెర మీద గీత కిందికి జారింది. ఇంకో నమూనా పెట్టింది, మరొకటి పెట్టింది. అన్నీ అంతే. మైక్రోస్కోపు ఫొటోలన్నీ తీసి చూసింది. ఇన్నాళ్లూ బాగున్న చోట్లనే ఏరుకుని చూశానని అప్పుడు తెలిసింది. మిగతా అంతా గోడలు విరిగిన గొట్టాలు, మసి.

గైడు చిదానంద తలుపు మూసి కూర్చోబెట్టాడు.

"నోడమ్మా, ఇట్ల చూడు, ఇంకెవరూ దాన్ని మళ్లీ కొలవరు. సుమ్నే, ఏమీ అనకుండా సబ్మిట్ చెయ్యి. నాకూ రిటైర్మెంట్ దగ్గరుండాది."

"నేను కొలిచినాను గదా సార్."

ఆయన లేచి తలుపు తీశాడు.

పేపరు వెనక్కి తీసుకోమని జర్నల్‌కి ఉత్తరం ఆమె ఒక్కతే సంతకం చేసి పంపింది. ఆయన మళ్లీ పలకరించలేదు. కొత్తగా మొదలుపెట్టడానికి గడువు లేదు, పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దయింది.

"తప్పు మెషీన్‌ది గదమ్మీ, నిన్నెందుకు తీసేసినారు?" అంది నాగలక్ష్మమ్మ.

"ఫొటోలు ఏరుకునింది నేనే గదమ్మా."

వాళ్లమ్మకు అర్థం కాలేదు. హారతి విడమరిచి చెప్పలేదు.

సిరుగుప్పలో ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పే పని దొరికింది. కార్బన్ పాఠం వచ్చిన రోజు సెలవు పెట్టి, మోకలో ఇంట్లోనే గోడవైపు తిరిగి పడుకుంది. పగలు పన్నెండైనా లేవకపోతే వాళ్లమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.