శ్రీరంగప్ప ముగించిన యుద్ధం

గల్ఫ్‌లో యుద్ధం ఆగిందని టీవీలో చెప్పిన రోజే బత్తలపల్లె సర్కిల్లో శ్రీరంగప్ప ఫ్లెక్సీ కట్టించాడు. "యుద్ధం ముగిసిన శుభసందర్భంగా ప్రపంచ ప్రజలకు శుభాకాంక్షలు" అని పైన, చేతులు జోడించి నవ్వుతున్న తన నిలువెత్తు ఫొటో కింద. యుద్ధం ఆపింది తనేనని ఎక్కడా రాయించలేదు. చూసినవాళ్లు అలా అనుకుంటే ఆయన తప్పా?

సంబరానికి కారణం లేకపోలేదు. చుట్టుపక్కల రైతుల దానిమ్మకాయలు దుబాయికి పంపడం ఆయన వ్యాపారం. అప్పటికే చల్లటి కంటెయినర్‌లో సరుకు ఓడ ఎక్కి ఉంది. ఒక కంపెనీలో మామూలు బీమా, ఇంకో కంపెనీలో యుద్ధం బీమా కట్టి, ఇక ఢోకా లేదని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

వారం తిరక్కముందే, యుద్ధంలో వదిలిన మందుపాతర ఒకటి సముద్రంలో తేలుతూ వచ్చి ఓడకు తగిలి పేలింది. మనుషులు బతికారు గానీ, కరెంటు పోయి కాయలన్నీ పెట్టెలోనే కుళ్లిపోయాయి.

మామూలు బీమావాళ్లు ఫోన్లోనే తేల్చేశారు. మందుపాతర యుద్ధానికి సంబంధించింది, మాకు వర్తించదు అన్నారు. శ్రీరంగప్ప బెదరలేదు. యుద్ధం బీమా ఉన్నది మరెందుకు? ఆ కంపెనీ అధికారి జయచంద్ర బెంగళూరు నుంచి వస్తే కోడికూర, రాగిసంగటి పెట్టించాడు. ఆయన సుష్టుగా తిని, చేయి కడుక్కున్నాక నోరు విప్పాడు.

"మా పాలసీ యుద్ధం ముగిసేదాకే సార్. ఇది తర్వాత జరిగిన ప్రమాదం."

"ముగిసిందని ఎవరన్న్యారప్పా? బాంబు పేలె గదా! ఇంగా యుద్ధం ఉండాది!"

జయచంద్ర ఫోన్ తీసి, వచ్చేదారిలో సర్కిల్లో కారాపి తీసుకున్న ఫొటో చూపించాడు. "ముగిసిందని ప్రపంచానికంతా మీరే చెప్పారు కదా సార్."

శ్రీరంగప్పకు ఒళ్లు మండిపోయింది. యుద్ధమనేవాడూ ఇవ్వడు, యుద్ధం కాదనేవాడూ ఇవ్వడు. పెట్టిన కోడికూర కూడా దండగే.

ఆ మంట చల్లారకముందే తిమ్మక్క వచ్చింది. వానల్లేని ఏళ్లలో ట్యాంకరు నీళ్లు కొని చెట్లను బతికించుకున్న మనిషి. ఆ సరుకులో సగం కాయలు ఆమె తోటవే.

"ఏమన్నా, నా దుడ్లు?"

"సరుకు ఆడికి చేరినాకనే దుడ్లు అనుకుంటిమి గదక్కా. చేరలే. ఓడకు దెబ్బ తగిల్తే నా పూచీ కాదు."

అన్నాక తన గొంతు తనకే వింతగా వినిపించింది. అచ్చం జయచంద్ర మాట్లాడినట్టే, అంతే మెత్తగా. సిగ్గేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"కాయలు నీవని బీమా కట్టుకుంటివి గదప్పా. కుళ్లినాక నావైనాయా?" అంది తిమ్మక్క.

ఆమె నేరుగా సర్కిల్‌కు పోయి, కొడవలితో ఫ్లెక్సీ తాళ్లు కోసింది. వెనకే పరుగెత్తుకొచ్చిన శ్రీరంగప్ప "యాడికక్కా అది?" అన్నాడు.

"గొర్రెల దొడ్డి మీదికి. నువ్వియ్యకున్న్యా, ఇది నీడన్నా ఇస్తాది."

మర్నాడు బండి మీద అటు వెళ్తూ చూశాడు. దొడ్డి కప్పు మీద తను చేతులు జోడించి నవ్వుతున్నాడు. తిమ్మక్క గడప ముందు నిలబడి నిజంగా జోడించాల్సిన చేతులతో బండి వేగం పెంచాడు.