కడ్డీకి చిల్లు పెట్టకముందు

కూతురు చేసేది లెక్కల పనే అని ఎన్నిసార్లు విన్నా తల్లికి నమ్మకం కుదరలేదు. యురేనియం అన్న మాట చెవిన పడితే చాలు, ఆవిడకు అరికాళ్ళలో చెమట పట్టేది.

"మళ్ళీ మొదలుపెట్టావా? నేను కూర్చునేది కంప్యూటర్ ముందమ్మా. ఆ యురేనియం కడ్డీ మీటరు మందం గోడ వెనకాల ఉంటుంది. నేను కంటితో కూడా చూడను."

"మరి ఉబ్బుతుందన్నావుగా?"

ఉబ్బేది కడ్డీలోని ఇంధనం బిళ్ళలు. రియాక్టరులో పనిచేసిన కొద్దీ బిళ్ళ లోపల వాయువు పుట్టి, బుడగలు కట్టి, బిళ్ళను ఉబ్బిస్తుంది. కొంత వాయువు బిళ్ళలోంచి బయటపడి కడ్డీ గొట్టంలో ఒత్తిడి పెంచుతుంది. పుట్టినదాంట్లో ఎంత శాతం బయటపడుతుందో ముందే లెక్కగట్టి చెప్పడం కూతురి ఉద్యోగం.

వాళ్ళ ఆఫీసులో ఒక పద్ధతుంది. రియాక్టరులో వాడి తీసిన కడ్డీకి చిల్లు పెట్టి వాయువు కొలిచే ముందు, లెక్క కట్టినవాళ్ళంతా తమ అంకెను అందరి ముందూ బోర్డు మీద రాయాలి. రాశాక దిద్దుకోవడాలు లేవు. ఎవరి అంకె దగ్గరగా వస్తే ఇక మీదట వాళ్ళ లెక్కే వాడతారు. ఈసారి కూతురి కాంట్రాక్టు పొడిగింపు కూడా ఆ అంకె మీదే వేలాడుతోంది.

మిగతావాళ్ళు మూడంటున్నారు, నాలుగంటున్నారు. కూతురికి పద్దెనిమిది శాతం వచ్చింది.

"చివర్లో ఆ కడ్డీకి పవర్ పెంచారమ్మా. లోపల ఇరుక్కున్న బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోయి బయటికి దారి చేసుకుని ఉంటాయి. మా పెద్దసారు లెక్కలో ఆ దారే లేదు" అంది చెయ్యి కడుక్కుంటూ, ఉషారుగా.

తల్లి బుర్రకెక్కినవి రెండే ముక్కలు: చిల్లు, వాయువు. చిల్లు పెట్టేటప్పుడు పిల్లను కూడా పక్కన నిలబెడతారని తనకు తనే తీర్మానించుకుంది. కూతురు స్నానానికి వెళ్ళగానే ఆమె ఫోన్‌లోంచే పెద్దసారుకు చేసింది.

"సార్, మీరు తండ్రిలాంటివారు. మా పిల్లని ఆ చిల్లు పెట్టే చోటికి పంపకండి. చిన్నప్పట్నుంచీ అది పిరికిది. కుక్కరు కూత వేస్తే మంచం కింద దూరేది. గోరంతని కొండంత చేసుకుంటుంది, అన్నీ నా పోలికలే."

నిజానికి పిల్ల ఏనాడూ దూరలేదు. రెక్క పట్టుకుని మంచం కిందికి లాగింది ఆవిడే.

"మంచిపని చేశారమ్మా చెప్పి. నేను చూసుకుంటాను" అన్నాడు పెద్దసారు. దేవుడిలాంటి మనిషి అనుకుందావిడ.

మర్నాడే బోర్డు మీద రాసే రోజు. కూతురు కళ్ళజోడు మరిచిపోయి వెళ్ళింది. తల్లి ఆటోలో పరుగున తెచ్చింది. గేటు దగ్గరి భవనంలోనే మీటింగు. ప్యూను ఆవిడను వరండాలో కూర్చోబెట్టాడు. హాలు తలుపు బార్లా తెరిచే ఉంది.

"మన బుడగలమ్మాయి పద్దెనిమిది రాస్తుందట" అంటున్నాడు పెద్దసారు. "పోయినసారి కడ్డీలో ఎంతొచ్చింది? మూడు. మరి పద్దెనిమిది ఎక్కడిదా అని నాకూ రాత్రంతా నిద్ర లేదు. నిన్న వాళ్ళమ్మగారు ఫోన్ చేస్తే తెలిసింది. కుక్కరు కూత వేస్తే మంచం కింద దూరేదట! గోరంతని కొండంత చేస్తుందని కన్నతల్లే చెప్పింది. ఇది లెక్క కాదయ్యా, వంశపారంపర్యం."

హాలు ఘొల్లుమంది. ఎవరో నోటితో కుక్కరు కూత కూడా వేశారు.

"సార్, పవర్ పెంచినప్పుడు..." అని కూతురు మొదలుపెట్టింది.

"పెంచినప్పుడు మంచం కింద చోటుందో లేదో చూసుకో తల్లీ."

దూరింది అది కాదు సార్, నేను లాగాను, అని లోపలికెళ్ళి చెప్పాలని తల్లి లేచింది. చెబితే ఆయనకు కోపమొస్తే? ఉన్న ఉద్యోగం ఊడితే? గుమ్మం దాకా వెళ్ళిన కాలు వెనక్కి తీసుకుంది. అప్పుడే కూతురు తలెత్తి ఆవిడను చూసింది. చూసి, బోర్డు వైపు తిరిగి, నాలుగు అని రాసింది. పెద్దసారు ఐదు రాశాడు.

వారం తర్వాత కడ్డీకి చిల్లు పెట్టారు. పంతొమ్మిది వచ్చింది.

అందరిలోకీ దగ్గరగా ఉన్నది పెద్దసారు ఐదే. కాబట్టి ఆయన లెక్కే గెలిచింది, చిన్న సవరణతో. ఆ సవరణ కూతురు లెక్కలో ఉన్న బుడగల దారే. "ఒక మాట మీద నిలబడనివాళ్ళతో మనకు పని జరగదు" అని ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు.

చివరి రోజు ఆఫీసు నుంచి సామాను తెచ్చుకోవడానికి కూతురు బయల్దేరుతుంటే తల్లి వెనకే వచ్చింది.

"పోనీలేవే. ఏదైనా మన మంచికే. ఇక ఆ పాడు వాయువు బాధ లేదు."

కూతురు చెప్పులు వేసుకుంది. "ఆ కడ్డీ వల్ల నాకేమీ కాలేదమ్మా. దానికీ నాకూ మధ్య మీటరు గోడుంది. కట్టాల్సింది నీ చుట్టూ."

"ఎంతమాటన్నావే! నీ కోసమేగా నా ఏడుపంతా."

"ఏడు. ఇప్పుడు ఉద్యోగం నిజంగానే పోయిందిగా, కడుపారా ఏడు."

కూతురు గేటు తీసింది. ఎదురుగా రోడ్డు, బస్సులు, లారీలు.

"చూసుకుని దాటవే!" తల్లి అరిచింది.

తల్లి చూస్తోందని తెలిసే, అటూ ఇటూ తల తిప్పకుండా కూతురు రోడ్డు మీదికి నడిచింది. లారీవాడు బ్రేకు తొక్కి బూతులు తిట్టాడు. ఆమె అడుగు తడబడకుండా అవతలికి చేరి, వచ్చిన బస్సెక్కింది.