మామగారి బరువుకు సరిపడే సీటు

పెద్దాయన ట్రాక్టరును నిలబడి తోలేవాడు. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి, బస్సులో సీటు దొరకని ప్రయాణికుడిలా ఊగుతూ పొలమంతా దున్నేవాడు. చూసినవాళ్లు అదంతా ఆయన హుషారే అనుకునేవారు. భార్య మాత్రం "మా ఆయన దున్నడం లేదు, టిక్కెట్లు కొడుతున్నాడు" అని నవ్వేది.

అసలు సంగతి సీటుది. వాళ్ల అన్నగారు పెద్దవయసులో సేద్యం వదిలేస్తే ఈయన చేతికొచ్చిన బండి అది. సీటు కింద స్ప్రింగు, కుదుపును మింగాల్సిన డంపరు ఉన్నాయన్న మాటే గానీ అవి పనిచేసిన జ్ఞాపకం ఎవరికీ లేదు. చిన్న గట్టు ఎక్కినా సీటు అడుక్కంటా దిగి ఇనుము ఇనుమును కొట్టేది. ఆ దెబ్బ వెన్నులోంచి నేరుగా నెత్తికెక్కేది. పోయిన పంటకు డాక్టరు ఎక్స్‌రే చూసి, ఈ కుదుపులు పడితే నడుం దక్కదు, బండి మానెయ్యమన్నాడు. పెద్దాయన ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈ దున్నకం అవగానే బండి అమ్మేసి పొలం కౌలుకిచ్చేద్దామని తనలో తనే తేల్చుకున్నాడు. తేల్చుకున్న నాటి నుంచి ముద్ద సరిగ్గా గొంతు దిగడం లేదు.

కోడలు బస్సు డిపోలో మెకానిక్కు. డ్రైవర్ల సీట్లు చూడడమే ఆమె పని. కాపురానికొచ్చి ఏడాది కాలేదు. మామాకోడళ్ల మధ్య మాటలు "తిన్నారా", "తిన్నానమ్మా" దాటి ముందుకెళ్లలేదు. ఒక సెలవురోజు ఆమె అన్నం క్యారియర్ పట్టుకుని పొలానికి వెళ్లింది. పెద్దాయన బండి దిగి, మడ్‌గార్డు పట్టుకుని, నడుం నిటారు చేయలేక కాసేపు అలాగే వంగి ఉండిపోవడం చూసింది. ఆయన తింటుండగా వెళ్లి సీటును రెండు చేతులతో నొక్కింది. దిగింది గానీ తిరిగి లేవలేదు.

"ఎన్నాళ్లుగా ఇలా ఉంది మామయ్యా?"

"ముసలి బండి కదమ్మా, అంతే."

"బండికి సామాన్లు దొరుకుతాయి. మీ నడుముకు దొరకవు కదా" అంది కోడలు.

ఆ సాయంత్రమే షెడ్డులో పని మొదలుపెట్టింది. తుప్పుపట్టిన పిన్ను ఒకటి మొండికేసింది. పెద్దాయన సుత్తి ఎత్తితే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. స్ప్రింగు బిగువు మీద ఉందని, ఇప్పుడు పిన్ను ఊడితే మొహం పగులుతుందని చెప్పింది. తన షెడ్డులో తననే ఆపేసరికి ఆయన మనసు చివుక్కుమంది. అయినా సుత్తి కింద పెట్టాడు. ఆమె రెండు పొడుగు బోల్టులతో స్ప్రింగును అదిమి కట్టేసి, పిన్ను చుట్టూ నూనె పోసి, ఓపిగ్గా అటూ ఇటూ తిప్పింది. చివరికి అది కిర్రుమంటూ బయటికొచ్చింది. లోపల పిన్నును పట్టి ఉంచే బుష్షులు అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయాయి; సీటు దిగినచోటే ఇరుక్కుపోతున్నది అందుకే. డంపరులో నూనె ఎప్పుడు కారిపోయిందో, లోపలంతా ఎండిపోయి ఉంది.

అంత పాత బండికి కొత్త డంపరు ఎక్కడా దొరకలేదు. డ్యూటీ దిగాక పాతదాన్ని సంచిలో వేసుకుని పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, ఒక లారీ సీటుది అదే పొడుగున్నది పట్టుకొచ్చింది. వెడల్పు కాస్త తక్కువైతే వాషర్లు వేసి సరిపెట్టింది. బుష్షులు లేతు మిషను మీద చేయించింది.

అన్నీ బిగించాక, సీటు కింద తుప్పులో కూరుకుపోయిన ఒక మరను చూపించింది. కూర్చునే మనిషి బరువుకు తగ్గట్టు స్ప్రింగును బిగించుకునేది అదేనట. పెద్దాయన అన్నగారు భారీ మనిషి. మర ఆయన బరువు దగ్గరే ఆగిపోయి ఉంది; అలాగే ఉంచితే ఈయన కింద సీటు దిగక బల్లలా గట్టిగా ఉంటుందని చెప్పింది.

"మీ బరువెంత మామయ్యా?"

ఆయనకు తెలియదు. "గాలికి కొట్టుకుపోకుండా ఉన్నారు, సంతోషం" అంది గుమ్మంలోంచి అత్తగారు. ధాన్యం తూచే కాటా మీదికి ఆయన్ని ఎక్కించారు. అంకె చూసి అత్తగారి నవ్వు ఆగిపోయింది.

"ఇంతలా చిక్కిపోయారేమిటండీ?"

దాచడానికి ఆయనకు ఓపిక లేకపోయింది. డాక్టరన్న మాట, బండి అమ్మకం, అంతా అక్కడే చెప్పేశాడు. అత్తగారు కళ్లొత్తుకుంది. కోడలు చేతికున్న గ్రీజు తుడుచుకుంది. "మళ్లీ డాక్టరు దగ్గరికెళ్దాం. సీటు సంగతి నేను చెప్తాను. ఆయన ఎంతసేపు తోలమంటే అంతసేపే మీరు తోలండి. మిగతాది నేను దున్నుతాను, నాకు నేర్పండి" అంది. ఆయన్ని సీటు మీద కూర్చోబెట్టి, లేపి, మళ్లీ కూర్చోబెట్టి, సీటు సగం వరకే దిగి ఆగేలా మర తిప్పింది.

డాక్టరు పొద్దున పూట కాసేపు తోలుకోవచ్చన్నాడు. మర్నాడు పెద్దాయన కూర్చునే దున్నాడు. గట్టు ఎక్కినప్పుడు అలవాటుగా పళ్లు బిగించాడు. సీటు మెత్తగా దిగి, మెత్తగా లేచింది. దెబ్బ రాలేదు. చాలు చివర బండి ఆపి, దిగకుండా అలాగే కూర్చుండిపోయాడు.

ఇంటికొచ్చేసరికి కోడలు డ్యూటీకి బయల్దేరుతోంది. ఏదేదో చెప్పాలనుకుంటూ దారంతా మాటలు కూర్చుకున్నాడు గానీ, ఎదురుపడగానే నోటికొచ్చింది ఒక్క మాటే.

"ఈ నొప్పి నా ఒక్కడిదే అనుకున్నానమ్మా ఇన్నాళ్లూ" అన్నాడు.

ఆమె చెప్పులు వేసుకుంటున్నదల్లా ఆగింది. ఆయన ఆమె చేతిలోంచి క్యారియర్ తీసుకుని, పక్కపక్కనే నడుస్తూ, మాట్లాడుకుంటూ బస్సు దాకా దింపి వచ్చాడు.