గ్నేవ్కో చివరి రేవు

పోజ్నాన్‌లో జరిగే ఆటల మేళాకి మొదటిసారి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: గొంతు బాగుంటేనే రండి. అంత పెద్ద హాలు, ఎటు చూసినా బల్లలు, ప్రతి బల్ల దగ్గరా ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. పక్క బల్ల మీద రాక్షసుడు చస్తే మన బల్ల మీద టీ ఒలుకుతుంది. మధ్యలో నడిచే సందుల్లో అట్ట కవచాలు తొడుక్కున్నవాళ్ళు, స్పాంజి కత్తులు పట్టుకున్నవాళ్ళు, వీపున ఇంతింత సంచులున్నవాళ్ళు తోసుకుంటూ పోతుంటారు. ఈ రద్దీని ఏటా తిట్టుకుంటాను, ఏటా వస్తాను. నా ఖర్మ.

మాది కథల ఆట. ఒక్కొక్కరూ ఒక్కో వేషం తీసుకుని తాము ఏం చేస్తారో చెబుతారు. దాంతో ఏం జరిగిందో నేను చెబుతాను. తేలని చోట పాచిక తేలుస్తుంది. నా ముందు ఒక అట్ట తెర నిలబెట్టుకుంటాను. నేను వేసే పాచికలు దాని వెనకే పడతాయి కాబట్టి నాకు తప్ప ఇంకెవరికీ కనిపించవు. బస్సు తోలే వితెక్, మందుల షాపులో పనిచేసే మజెనా, జెనోన్, నేను కొన్ని దశాబ్దాలుగా ప్రతి గురువారం ఆడుతూ వచ్చాం. జెనోన్ వేషం గ్నేవ్కో అనే ముసలి పడవ సరంగు. మిగతావాళ్ళ వేషాలు చచ్చాయి, కొత్తవి పుట్టాయి, అవీ చచ్చాయి. గ్నేవ్కో మాత్రం బతికే ఉన్నాడు. ఈ ఫిబ్రవరిలో ఆసుపత్రిలో జెనోనే పోయాడు.

మా గుంపులో ఒక పద్ధతి ఉంది. ఆడే మనిషి పోతే అతని వేషం రాసున్న కాగితాన్ని చించి పారెయ్యం, పెట్టెలోనూ దాచిపెట్టం. అతనివాళ్ళలో ఒకరు వచ్చి ఆ వేషాన్ని ఒక్కసారి ఆడతారు. పాచిక ఏమంటే అదే. జెనోన్ తరఫున అతని భార్య యొలాంతా వచ్చింది. ఆవిడ ఏనాడూ ఆడలేదు సరికదా, మా ఆటని ముసలాళ్ళ బొమ్మలాట అని వెక్కిరించేది.

కుర్చీ లాక్కుని కూర్చుంటూనే అసలు మాట చెప్పేసింది.

"బొగ్నా, ముందే చెబుతున్నా. నా మీద జాలి పడొద్దు. ఆసుపత్రిలో నా కొడుకులూ డాక్టరూ కలిసి, ఏం లేదమ్మా, చిన్న సమస్యే, ఇంటికెళ్ళి కాస్త పడుకో అన్నారు. వాళ్ళందరికీ తెలుసు. తెలీనిది నాకొక్కదానికే. నేను నిద్రపోయి లేచేసరికి ఆయన లేరు. ఈ సరంగు సంగతైనా నా కళ్ళ ముందు జరగాలి. ఉంటే ఉంటాడు, పోతే పోతాడు. దాచొద్దు."

"దాచను యొలాంతా గారూ," అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

వితెక్‌కి ఇలాంటి మాటలు పడవు. పొట్లం విప్పి ముందుకు తోశాడు. "వదినా, ముందు రెండు పియెరోగీలు తినండి. ఖాళీ కడుపుతో యుద్ధానికి వెళ్తే ఎలా?"

"నువ్వు నిండు కడుపుతో వెళ్ళి ఎన్నిసార్లు చచ్చావో ఆయన చెప్పేవారులే."

మజెనా నోట్లో టీ ఉంది. నవ్వాపుకోలేక బల్లంతా తడిపింది.

ఆట మొదలెట్టాం. ఏరు పొంగింది, వంతెన దొంగల చేతుల్లో ఉంది, అవతలి గట్టున పిండి మరలో పిల్లలు చిక్కుకుపోయారు. వాళ్ళని ఇవతలికి తేవాలి. మొదట్లో యొలాంతా ప్రతి దానికీ "ఆయనైతే ఏం చేసేవారు?" అని మమ్మల్నే అడిగింది. "ఆయనైతే ముందు అందర్నీ తిట్టేవాడు," అన్నాడు వితెక్. కాసేపటికి అడగడం మానేసింది. తడి మేజోళ్ళతో గ్నేవ్కో పడవెక్కడని, పొడివి దొరికేదాకా కదలడని పట్టుబట్టింది. దొంగల నాయకుడు వంతెన దాటడానికి పన్ను అడిగితే వాణ్ణి చేపల బజార్లో నిలదీసినట్టు నిలదీసింది. వాడి బూట్లు చూసి, నీకు పెళ్ళాం లేదురా, ఉంటే ఇలా తిరగనిస్తుందా అంది. వాడి తరఫున జవాబు చెప్పాల్సింది నేను. వాడు బూట్లు వెనక్కి దాచుకున్నాడని చెప్పాను. జెనోన్ ఏనాడూ ఇంత బాగా ఆడలేదు, పాపం.

పడవ ఏటి మధ్యకి వచ్చింది. వంతెన మీంచి బాణం వేశారు. తెర వెనక పాచిక వేశాను. సూటిగా తగిలే సంఖ్య పడింది. తలెత్తి ఆవిడ ముఖం చూశాను. నవ్వుతోంది. ఫిబ్రవరి తర్వాత ఆవిడ నవ్వు చూడటం నాకు అదే మొదలు. నిజం చెప్పడానికి మనసు రాలేదు.

"భుజం పక్కనుంచి రాసుకుంటూ పోయింది," అన్నాను.

"చూశారా, మా సరంగుకి ఇలాంటివి లెక్కలేదు," అంది యొలాంతా. వితెక్ నా వైపు ఒక చూపు చూశాడు. నన్ను ఏళ్ళుగా ఎరిగినవాడు, వాడికి అర్థమైపోయింది. కళ్ళతోనే నాకు దండం పెట్టాడు.

పిల్లల్ని ఎక్కించుకుని తిరిగి వస్తున్నారు. మజెనా వేషం పిల్లల్ని ఒక్కొక్కర్నే గట్టు మీదికి అందుకుంది. ఆఖరి పిల్ల గట్టెక్కగానే వరదలో ఒక పెద్ద దుంగ వచ్చి పడవని గుద్దింది. పాచిక వేశాను. ఒకటి పడింది. మా ఆటలో వరదలో ఒకటి పడితే మనిషి తిరిగి రాడు, దానికి ఇంకో అర్థం లేదు.

"పడవ ఊగింది," అన్నాను, "ఊగి మళ్ళీ నిలబ..."

మాట పూర్తి కాలేదు. వెనక సందులోంచి పోతున్న కుర్రాడెవడో, వీపుకి అట్ట రెక్కలు కట్టుకున్నాడు, పక్కకి తిరిగాడు. రెక్క కొన తగిలి నా తెర బల్ల మీద బోర్లా పడింది.

"అయ్యయ్యో, క్షమించండి, క్షమించండి," అంటూ వాడు తెర నిలబెట్టబోయాడు.

"పోవయ్యా బాబూ, నీ రెక్కలూ నువ్వూ!" అని కసిరాను. వాడేం చేశాడు పాపం, నా కోపం నా మీద.

యొలాంతా కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగింది. "ఇది ఒకటే కదా? ఒకటంటే ఏంటి?"

వితెక్ పాచిక తియ్యబోయాడు.

"వదినా, తెర పడిపోయింది కదా," అన్నాడు వితెక్. "ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ వెయ్యాలి."

"అలా ఉందా మీ ఆటలో?"

"లేదు," అంది మజెనా నెమ్మదిగా. "పడ్డ పాచికని మేం ముట్టుకోం."

యొలాంతా నన్నే చూస్తోంది. "గురువారం ఇంటికి రాగానే, కోటైనా విప్పకుండా, యోలా, ఇవాళా బతికాడు అని కేకేసేవారు. చిన్నపిల్లాడిలా. అదీ ఇంతేనా బొగ్నా? మీరు బతికిస్తే బతికాడా?"

"లేదు. ఒట్టు. ఆయనకి ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. అనుమానం వస్తే బల్ల తిరగేసే మనిషి. ఇవాళే. మీకే."

"మరి నాకెందుకు?"

"మీరు నవ్వుతున్నారు. అందుకు."

"మా పెద్దాడూ ఇదే అన్నాడు. నువ్వు కాస్త తేరుకున్నట్టు కనిపించావమ్మా, అందుకే చెప్పలేదు అన్నాడు. నేను తేరుకుంటే మీ అందరికీ అంత భయమేంటి?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ లేచింది, చేతిసంచీ భుజాన వేసుకుంది. ఇక వెళ్ళిపోతుందనే అనుకున్నాం. వితెక్ ఏదో అనబోతే మజెనా వాడి చెయ్యి పట్టి ఆపింది. ఆవిడ రెండడుగులు వేసి, జనాన్ని చూస్తూ నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"వెళ్ళను. ఒకసారి వెళ్ళమంటే వెళ్ళాను, చాలు. ఒకటి పడితే ఏమవుతుందో అది చెప్పు."

తెర మడిచి కుర్చీ కింద పడేశాను. బాణం సంగతి కూడా చెప్పేశాను, అది భుజంలోనే దిగిందని. ఆవిడ తలూపింది. సరిగ్గా అప్పుడే నిర్వాహకుల పసుపు చొక్కా వేసుకున్న అమ్మాయి వచ్చింది. మా సమయం అయిపోయిందట, తర్వాతి గుంపు నిలబడి ఉందట, బల్ల ఖాళీ చెయ్యాలట.

"ఇక్కడ మనిషి పోతున్నాడు. ఆగండి," అన్నాను.

ఇంకెక్కడైనా అయితే నాకు పిచ్చి అనుకునేవారు. ఆ అమ్మాయి బల్ల మీది పాచికని చూసింది, యొలాంతాని చూసింది, వెనక్కి తగ్గి నిలబడింది. వెనక ఉన్న కుర్రాళ్ళు అట్ట శిరస్త్రాణాలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. చుట్టూ హాలు హోరెత్తుతూనే ఉంది. నేను గొంతు పెంచలేదు, వాళ్ళే దగ్గరికి వంగారు.

పడవ తిరగబడిందని చెప్పాను. గాయపడిన చేత్తో ఈదలేకపోయాడని చెప్పాను. నీళ్ళు అతన్ని కిందికి లాక్కుపోయి, పాత రేవు దగ్గర మెట్ల మీద పడేశాయని చెప్పాను.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది యొలాంతా.

లేదనబోయాను. "ఉంది," అన్నాను.

"తెలుస్తోందా, పోతున్నానని?"

"తెలుస్తోంది."

"భయపడుతున్నారా?"

'పడుతున్నాడా' అనలేదు ఆవిడ. వితెక్ తల దించుకున్నాడు.

"భయపడుతున్నారు," అన్నాను.

"పక్కన ఎవరున్నారు?"

"అది పాచిక చెప్పదు. నేనూ చెప్పకూడదు. ఆయన వేషం మీది, మీరే చెప్పాలి."

ఆవిడ, గ్నేవ్కో అని జెనోన్ చేతిరాతతో రాసున్న కాగితాన్ని దగ్గరికి లాక్కుంది, దాని మీద అరచెయ్యి పరిచింది.

"నేనున్నాను," అంది.

అని భోరుమని ఏడ్చింది. ఊరుకోమని మాలో ఎవరూ అనలేదు.